ముండ్లకంపకు అంటుకున్న నిప్పు



రెండు వారాలుగా ఫోన్లు వస్తున్నాయి. "అయ్యగారూ, పెనుకొండ పక్క కొండలు కాలినాయంట గదా, మన శనివారం నడక వాళ్ళు బాగున్నారా?" అని. బాగున్నాం. ప్రభువు కృపవలన ఒక్కరికి కూడా చిన్న బొబ్బ లేదు. మంట దగ్గరికి పోలేదు గనుక బొబ్బలెక్కడివి! కానీ మూడు రాత్రులు ఆ మంట ఎటు పోతే మా కళ్ళు అటు పోయాయి. అది ఆరిన తరువాత దాని దారి పట్టుకొని నడిచాం. ఆ నడకలో చూసింది ఒకటి, దాని వెనకాల మన సంఘం నెత్తిన పడిన పని ఒకటి, ఈ రెండూ చెప్పాలి. అందరం ఒకే మాట మీద లేము గనుక వివరంగానే చెప్పాలి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నడక సంగతి రెండు మాటలు. పది పన్నెండు మందిమి శనివారం తెల్లవారకముందే కలుస్తాం. హిందూపురం నుంచి ముగ్గురు వస్తారు, అందులో ఒకరు చింతపండు మండీలో లెక్కలు రాస్తారు. ధర్మవరం నుంచి మగ్గం పనివాళ్ళు ఇద్దరు రైల్లో వస్తారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పనిచేసే తమ్ముళ్ళు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తారు, ఎక్కేటప్పుడు నిద్రపోతూ నడుస్తారని నవ్వుకుంటాం. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు రాజధానిని తెచ్చిపెట్టుకున్న కొండ మనది. ఆ పాత కోటగోడల మీదనో, పక్కనున్న పేరులేని బోడిగుట్టల మీదనో కూర్చుని ఒక అధ్యాయం చదువుకుంటాం, ప్రార్థన చేసుకుంటాం, చద్దన్నం తిని దిగుతాం. అంతే.

ఫిబ్రవరి సగం దాటాక తొలి వాన పడేదాకా మాత్రం గడ్డి ఉన్న కొండ ఎక్కం. 2018 నుంచి ఇది మా కట్టుబాటు. ఆ ఏడాది మార్చి 11న, ఆదివారం, తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొళుక్కుమలై వైపు నుంచి దిగి వస్తున్న నడక గుంపులను గడ్డిమంట చుట్టుముట్టింది. ఎక్కువ మంది ఆడపిల్లలే, చెన్నై నుంచి, ఈరోడు వైపు నుంచి సెలవు చూసుకొని వచ్చినవాళ్ళు. వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి, కమాండోలు దిగారు. అయినా అక్కడికక్కడ కొందరు, ఆసుపత్రుల్లో కొందరు, మొత్తం ఇరవై మందికి పైగా పోయారు. కొండ ఎక్కడం తెలియనివాళ్ళు కారు, కాళ్ళల్లో బలం లేనివాళ్ళు కారు. వాలు మీద మంట పైకి పాకేటప్పుడు మనిషి కన్నా వేగంగా పోతుంది. మంట నాలుక పైకి వంగి, ఇంకా అంటుకోని గడ్డిని ముందే ఎండబెట్టి ఉంచుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అని అడవి మంటలార్పే పనివాళ్ళ లెక్క. మా పిల్లల తల్లులకు ఈ లెక్కలు అక్కరలేదు. వాళ్ళు కురంగణి అనే ఒక్క మాట అంటారు, చాలు.

ఇక మన మంట. పోయిన ఏడాది వానలు బాగా పడ్డాయి, చెరువులు నిండాయి, అందరం స్తోత్రం చెల్లించాం. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన మొహం చూస్తే గొప్ప అనుకునే సీమ ఇది. అయితే కొండ సంగతి వేరు. వాన బాగా పడిన ఏడాదికే మంట భయం ఎక్కువ. బోదగడ్డి నడుము ఎత్తు లేస్తుంది, సంక్రాంతి దాటేసరికి తాటాకులా ఎండుతుంది. బందారు పొదలు, తంగేడు, బలుసు, అడవి సీతాఫలం చెట్లు దాని మధ్యలో చిక్కుకొని ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ శుక్రవారం ఉపవాస కూడిక అయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటింది. బయటికి వస్తే ఎదుటి కొండ నడుము మీద ఎర్రని గీత. మొదట ఎవరో దివిటీలు పట్టుకొని నడుస్తున్నారేమో అనుకున్నాం. గీత కదిలింది. రెండయింది. కాసేపటికి పైకి ఎగబాకి కొండకు మొలతాడు కట్టినట్టయింది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. హైవే మీద కార్లు ఆపి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మన పిల్లల్లో ఒకడు అప్పటికే చెప్పులు తీసి బూట్లు వేసుకుంటున్నాడు. "అయ్యగారూ, పచ్చి కొమ్మలు తీసుకొని ఎక్కుతాం, రెండు గంటల్లో దిగుతాం" అన్నాడు. వాడి తల్లి ఏమీ అనలేదు, వాడి ముందు వచ్చి నిలబడింది. బూట్లు విప్పాడు. అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేశాం. వాళ్ళకు అప్పటికే తెలుసు, బయలుదేరి ఉన్నారు.

అప్పటి నుంచి ఊరికి ఒకరుగా కాపలా పడ్డాం. హిందూపురం తమ్ముడు ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి పెట్టుకున్నాడు. నాసా వాళ్ళ ఫర్మ్స్ అనే పటం అది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. సుయోమి ఎన్‌పీపీ అనే ఉపగ్రహం మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ అదే వేళకు ఒకసారి పోతుంది. కింద వేడి కనబడితే ఎర్రచుక్క పెడుతుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఇలాంటి చుక్కలనే పట్టుకొని అటవీ సిబ్బందికి సందేశాలు పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మనలాంటివాళ్ళకూ పంపుతుంది. ఈ చుక్క విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి, తరువాత పనికొస్తుంది. ఒక్కో చుక్క అంటే 375 మీటర్ల గడి. ఆ గడిలో ఎక్కడో మంట ఉందని మాత్రమే దాని అర్థం. గడి మధ్యలో పొయ్యి పెట్టి కూర్చున్నట్టు కాదు. చుక్క లేకపోతే మంట లేదనీ కాదు, ఉపగ్రహం పోయిన తరువాత రాజుకొని ఉండవచ్చు.

శుక్రవారం అర్ధరాత్రికి రెండు చుక్కలు, రెండూ బండిబాట పక్క దిగువ వాలు మీద. శనివారం మధ్యాహ్నానికి ఐదు. పగలు మంట కనబడదు, పొగే కనబడుతుంది. రామగిరి గాలిమరల వైపు నుంచి గాలి ఎలా తిరుగుతుందో ధర్మవరం తమ్ముళ్ళు చెబుతుంటే, ఇక్కడ మేము పొగ చూసి సరిచూసుకున్నాం. శనివారం రాత్రి తొమ్మిది చుక్కలు. మంట రెండు గుట్టల నడుమ పల్లం దాటి అవతలి కొండకు ఎక్కింది. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. ఆ అవతలి వాలు కిందనే గొర్రెల దొడ్లున్నాయి.

2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవులు తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్ళు తెచ్చి పోశాయి, టీవీలో అందరం చూశాం. మన గుట్టలకు హెలికాప్టర్ రాదు, తంగేడు కొమ్మ వస్తుంది. బీటు ఆఫీసరు, వాచర్లు, ఊళ్ళోని కూలీలు కలిసి పచ్చి కొమ్మలతో మంటను బాదుతారు. వీపుకు కట్టుకున్న గాలి యంత్రంతో ఎండుటాకును వెనక్కి ఊది నేలను బోడిచేస్తారు. మంట అక్కడికి వచ్చి తినడానికి ఏమీ లేక ఆగిపోవాలి. పైకి పోయే మంటకు ఎదురు నిలబడరు. అది శిఖరం దాటి అవతలికి దిగేటప్పుడు నెమ్మదిస్తుంది, అక్కడ కాచి కొడతారు. ఆదివారం తెల్లవారుజామున దొడ్లకు ఎగువన అట్లాగే ఆపారు. మాకు చేతనైనది కొండ కింద నీళ్ళ క్యాన్లు, మజ్జిగ బిందెలు పెట్టడం. మసి మొహాలతో దిగి వచ్చి రెండు చెంబులు తాగి, మాట్లాడకుండా మళ్ళీ ఎక్కినవాళ్ళను చూశాం. వాళ్ళ కోసం ప్రార్థించండి. వాళ్ళలో కొందరిది రోజుకూలి, వేసవి వెళ్ళితే ఆ పనీ ఉండదు.

ఆదివారం ఆరాధనలో పొగ వాసన. సాక్ష్యాల సమయంలో ఒక పెద్దామె లేచి, ఇది దేవుని ఉగ్రత, ఊరి పాపానికి దిగిన అగ్ని అన్నది. ఆమె భక్తిని మేమంతా గౌరవిస్తాం. కానీ ఆ మాటను అలాగే వదిలిపెట్టలేము. యోబు గ్రంథం మొదటి అధ్యాయం 16వ వచనం తీసి చూడండి. గొర్రెలు, కాపరులు కాలిపోయారని పరుగెత్తుకొని వచ్చిన పనివాడు దాన్ని దేవుని అగ్ని అన్నాడు. పాపం, వాడు చూసింది అంతే, వాడికి పై మాట తెలియదు. ఆ వచనానికి ముందున్న వచనాలు చదివిన మనకు తెలుసు, ఆ దెబ్బ ఎవరి చేతిలోనుంచి వచ్చిందో. మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనిషి చేతి మంటలే. పొలం గట్టున కంప కాల్చినవాడు, తేనెపట్టుకు పొగ పెట్టినవాడు, బీడీ పారేసినవాడు, కుందేళ్ళను తరమడానికి గడ్డి అంటించినవాడు. ఆకాశం నుంచి పడిందని మనం అంటే వాళ్ళందరూ ఊపిరి పీల్చుకుంటారు.

సోమవారానికి మంట ఆరింది, వాట్సాప్‌లో ఇంకొకటి రాజుకుంది. కొండను గొర్రెలవాళ్ళే కాల్చారని, కొత్త గడ్డి కోసం ఏటా ఇదే పని అని ఒక ఆడియో. పేరు చెప్పలేదు గాని ఊరు చెప్పారు, దొడ్డి గుర్తు చెప్పారు. ఆ గుర్తున్న దొడ్డి మన సంఘంలోని కుటుంబానిది. చిన్న నిప్పు పెద్ద అడవిని కాల్చడాన్ని యాకోబు తన పత్రికలో నాలుకకు పోల్చాడని మనం ఎన్నిసార్లు చదువుకున్నామో. ఈసారి అడవీ నాలుకా రెండూ ఒకే వారంలో మండాయి. ఆ ఇంటి చిన్నదాన్ని బడిలో తోటి పిల్లలు అగ్గిపెట్టె అని పిలిచారు.

కాపరి సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "అయ్యగారూ, తొలకరి ముందు గడ్డి కాల్చేవాళ్ళు ఉండారు, లేరని అబద్ధం చెప్పను. వాన పడితే పదిరోజుల్లో చిగురొస్తాదని ఆశ. కానీ ఇప్పుడే వేసవి మొదలాయె. ఇప్పుడు కాలిస్తే జూను దాకా నా జీవాలు ఏం మేయాల? ఆ కొండే గదా నా గడ్డివామి. నా వామికి నేనే నిప్పు పెట్టుకుంటానా?"

ఈ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్ళు మాలో ఎవరూ లేకపోయారు.

ఆ శనివారం అటవీ సిబ్బంది అనుమతి తీసుకొని, ఒక వాచరును తోడు పెట్టుకొని ఎక్కాం. కాలిన కొండ మీద కట్టుబాటు అడ్డం రాదు, కాలడానికి ఇంకేమీ లేదు గదా. మోకాళ్ళ దాకా బూడిద లేస్తుంది. బోదగడ్డి దుబ్బులన్నీ పిడికిలి అంత మోళ్ళయ్యాయి. అవి చావలేదు, వేరు బ్రతికే ఉంటుంది, వాన పడితే లేస్తాయి. చచ్చింది వేరేవి. రెండు మూడేళ్ళ సీతాఫలం మొక్కలు, వేప మొలకలు, కౌజుపిట్టల గుడ్లు. ఒకచోట నక్షత్ర తాబేలు డిప్ప దొరికింది, లోపల ఏమీ లేదు. ధర్మవరం తమ్ముడు దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకొని, పట్టుచీర అంచుకు ఈ డిజైను వేస్తారన్నా అని మాత్రం అన్నాడు. గడ్డి పోతే తొలి వానకు మన్ను ఆగదని, ఆ ఎర్రమన్నంతా దిగువ చెరువులో పూడికై కూర్చుంటుందని వాచరు చెప్పాడు.

మంట ఎటునుంచి వచ్చిందో చూడడం కూడా అతడే నేర్పాడు. కొండ నిండా బండలే గదా. ఒక్కో బండను చుట్టి చూడమన్నాడు. మంట వచ్చి తగిలిన పక్క మసి దట్టంగా పట్టి ఉంటుంది, చాటుపక్క తేటగా ఉంటుంది. చాటున ఒక్కోచోట గడ్డిపోచలు కూడా మిగిలి ఉంటాయి. ఒక బండ చూస్తే నమ్మకం కుదరదు. పది, ఇరవై, యాభై బండలు చూస్తూ మసి చూపిన వైపు దిగుతూ పోయాం. ఫోన్‌లో తమ్ముడు మొదటి రాత్రి చుక్కలు తెరిచి పట్టుకున్నాడు. రెండు లెక్కలూ ఒకే చోటికి దించాయి. బండిబాట పక్కన పొలం గట్టు, గట్టు మీద సగం కాలిన సర్కారు కంప కుప్ప. ఆ చుట్టుపక్కల బీడీ ముక్కలున్నాయి, సీసాలున్నాయి, దున్నకం కోసం శుభ్రం చేసిన చేను ఉంది. కంపను ఎవరైనా కాల్చారో, ఎవరైనా పోతూ పోతూ నిప్పు పారేశారో తేలలేదు. గొర్రెల బాట మాత్రం అటువైపు లేదు, కొండకు అవతలి పక్క ఉంది. మంట అక్కడికి చివరి రాత్రి చేరింది గాని అక్కడ పుట్టలేదు.

ఫోటోలు అటవీ సిబ్బందికి ఇచ్చాం. వాట్సాప్ గుంపులో కూడా పెట్టాం, మాటలు తక్కువ, పటం ఎక్కువ. ఆడియో పంపినవాళ్ళు క్షమాపణ చెప్పలేదు, తీసేశారు. బడిలో ఆ పేరు ఇంకా పోలేదట. టీచరమ్మతో మాట్లాడుతున్నాం. చేను ఎవరిదని అడుగుతున్నవాళ్ళకు చెప్పం. ఒక కాపరి మీద ఊహతో నింద వేసినందుకు బాధపడి, ఒక రైతు మీద ఊహతో వేస్తామా? 375 మీటర్ల గడిలో ఎన్ని చేలున్నాయో లెక్కపెట్టుకోండి.

ఆ రోజు గట్టు పక్కనే చింతచెట్టు నీడలో కూర్చుని నిర్గమకాండము 22వ అధ్యాయం తీశాం. 6వ వచనంలో సరిగ్గా మన గట్టే ఉంది. నిప్పు రాజుకొని ముండ్లకంపలకు అంటుకొని, దానివల్ల పనల కుప్ప గాని, కోయని పైరు గాని, చేను గాని కాలిపోతే, అంటించినవాడు నష్టం ఇచ్చుకోవాలని ఆ కట్టడ. వాడు కావాలని చేశాడా, పొరపాటున చేశాడా అని ఆ వచనం అడగదు. వాడి మనసు కన్నా ముందు, పోయిన తిండి గురించి అడుగుతుంది. కాలిపోయినవన్నీ తిండే, చూడండి. మన కొండ మీద కాలినది కూడా తిండే, జీవాల తిండి.

అయితే అంటించినవాడు దొరకకపోతే? మండీలో లెక్కలు రాసే తమ్ముడు అడిగాడు ఈ మాట. లెక్కలవాడు గదా, బాకీ ఎవరి పేరున రాయాలో తేలకపోతే వాడికి నిద్ర పట్టదు. నిర్గమకాండము అక్కడ ఏమీ చెప్పదు. చాలాసేపు పేజీలు తిప్పి, ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం దగ్గర ఆగాం. పొలంలో ఒక మనిషి చంపబడి పడి ఉన్నాడు, ఎవడు చంపాడో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి ఆ శవం నుంచి చుట్టూ ఉన్న ఊళ్ళకు దూరం కొలవాలట. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు ఇంకా కాడి మోయని పెయ్యను తోలుకొని ఏరు పారే లోయకు పోవాలి. చేతులు కడుక్కొని, ఈ రక్తం మా చేతులు చిందించలేదు అని చెప్పాలి. మేము చేయలేదు అనే మాట నిజమే. ఆ నిజం చెప్పడానికి కూడా వాళ్ళ ఊరి పెయ్య ఒకటి పోతుంది, వాళ్ళ పని రోజు ఒకటి పోతుంది. తప్పు మాది కాదు గనుక మాకేం సంబంధం అని ఇంటికి పోయే వీలు ఆ కట్టడలో లేదు. దగ్గరగా ఉండడమే సంబంధం.

తమ్ముడు ఏమీ అనకుండా ఫోన్ తీసి కొలిచాడు. కాలిన వాలు అంచు నుంచి మన ప్రార్థన మందిరానికి 1.2 కిలోమీటర్లు. ఇంకే ఊరూ అంత దగ్గర లేదు.

ఇక్కడి నుంచే సంఘంలో మాట తేడా వచ్చింది. ఆ వాలు మీద మేసే మందలు రెండు. ఒకటి మన కుటుంబానిది, 60 జీవాలు. రెండోది మన సంఘానికి రానివాళ్ళది, 50 జీవాలు. గొర్రె ఒకటికి రోజుకు కిలో ఎండుమేత అనుకున్నా, 110 జీవాలకు జూను దాకా 75 రోజులకు ఎనిమిది టన్నుల పైమాటే. వేపకొమ్మ, తుమ్మకాయ, రోడ్డు పక్క మేత సగం ఆదుకుంటుందనుకుంటే మనం సర్దవలసింది నాలుగు టన్నులు. శెనక్కాయ కట్టె అయితే మంచిది, వరిగడ్డి అయినా సరే. కమిటీ కూడికలో కొందరు పెద్దలు మన మందకు మాత్రం ఇద్దాం, రెండోవాళ్ళకు వాళ్ళ పెద్దలున్నారు అన్నారు. వాళ్ళ మాట అన్యాయమని తోసివేయము. ఈ ఏడాది కట్టె ధర అందరికీ తెలుసు, మన రైతుల వాముల్లోనూ మిగులు తక్కువే. కానీ ద్వితీయోపదేశకాండములో ఆ పెద్దలు దూరం కొలిచారు గాని, పడి ఉన్నవాడు ఏ గోత్రం వాడని వాకబు చేయలేదు. కొలిచిన తాడు రెండు దొడ్లకూ ఒకటే. మా నడక గుంపు మాట ఇది. కమిటీ ఇంకా తీర్మానం రాయలేదు.

ఇప్పటికి ఒక ట్రాక్టరు కట్టె వచ్చింది. సోమందేపల్లి వైపు సహోదరులు ఇద్దరు ఇచ్చారు, పేర్లు వద్దన్నారు. హిందూపురం నుంచి కొంత డబ్బు వచ్చింది. రెండో ట్రాక్టరు మందిరం ముందు నిలబెట్టి ఉంచాం, ఆదివారం వచ్చేవాళ్ళు ఒక మోపు తెచ్చి అందులో వేయవచ్చు. గడ్డి లేనివాళ్ళు మోయడానికి రండి.

మొన్న బుధవారం పొద్దున మన కాపరి పన్నెండు జీవాలను అమ్మకానికని సంతకు తోలుకొని బయలుదేరాడు. ఎండాకాలం, కొనేవాడికి తెలుసు అమ్మేవాడి అవసరం, సగం ధర కూడా పలకదు. హైవే కింద దారిలో ఆగి ఫోన్ చేశాడు. వెనకాల గొర్రెల గంటలు వినబడుతున్నాయి. "అయ్యగారూ, కట్టె వస్తాదంటే ఇట్లనే వెనక్కి తిప్పుతా. రాదంటే ఇప్పుడే చెప్పండి, ఎండెక్కక ముందే పోతా" అన్నాడు.

వస్తుందని చెప్పాం. వెనక్కి తిప్పాడు. రెండో ట్రాక్టరు ఇంకా సగం కూడా నిండలేదు.